బ్లాక్ బెల్ట్ వెల ఎంత?

యుద్ధకళ బతుకుతెరువుగా మారిన చోట గురువు నిజాయితీకి పరీక్ష ఎక్కడ ఎదురవుతుందో పరిశీలించే కథనం

వేసవి సెలవులు ముగింపుకు వచ్చే వేళకు తెలుగు పట్టణాల్లోని కల్యాణ మండపాలు, మునిసిపల్ స్టేడియాలు, ప్రైవేటు బడుల ప్రాంగణాలు పెళ్లి సందడితో పాటు మరో సందడికి కూడా నెలవవుతాయి. గంజి పెట్టినట్టు బిరుసుగా ఉన్న తెల్లని దుస్తుల్లో ఆరేళ్ల నుంచి పదహారేళ్ల వయసు పిల్లలు వరుసలు తీరి నిలబడగా, వెనుక ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులు నీళ్ల సీసాలు పట్టుకుని, తండ్రులు సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని కూర్చుంటారు. వేదిక మీద ఫ్లెక్సీ, దాని మీద ముఖ్య అతిథి నిలువెత్తు చిత్రం, ఆ పక్కన గుండ్రని పులి బొమ్మ ఉంటాయి. కింద బల్ల మీద పసుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు బెల్టుల కట్టలతో పాటు విద్యార్థుల పేర్లు నింపి లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ల దొంతర సిద్ధంగా ఉంటుంది. పరీక్ష ఇంకా మొదలుకాకుండానే ఫలితం అచ్చయి బల్ల మీదికి చేరడాన్ని ఆ హాలులో ఎవరూ వింతగా చూడరు.

‘బెల్ట్ టెస్ట్’ అనీ ‘గ్రేడింగ్’ అనీ పిలిచే ఈ కార్యక్రమానికి ప్రవేశ రుసుము వేరు, బెల్టు ఖరీదు వేరు, సర్టిఫికెట్ చార్జీ వేరు. పిల్లవాడు నిజంగా ఏమైనా నేర్చుకున్నాడా, లేక మూడు నెలలకొకసారి రంగు మార్చుకుంటున్నాడా అన్న సందేహం ఇళ్లలో తరచుగానే వినిపిస్తున్నా, దానికి సమాధానం చెప్పగల కొలమానం సామాన్య తల్లిదండ్రుల చేతిలో లేదు. ఒక కళను అంకితభావంతో నేర్పే గురువునూ, అదే కళ పేరుతో దుకాణం నడిపే వ్యక్తినీ పైకి కనిపించే గుర్తులతో వేరుచేయడం కష్టం. ఎందుకంటే ఇద్దరూ ఒకే తెల్లని దుస్తులు వేసుకుంటారు, ఒకే నల్లని బెల్టు కట్టుకుంటారు, ఒకే జపాను మాటల్లో అంకెలు లెక్కపెడతారు. ఆ తేడా తెలియాలంటే ఈ బెల్టు ఎక్కడ పుట్టిందో, దాని మీద డబ్బు ఎప్పుడు ఎలా వచ్చి కూర్చుందో చూడవలసి ఉంటుంది.

పెరటిలో నేర్పిన విద్య

కరాటేకు పుట్టినిల్లు జపాను ప్రధాన భూభాగం కాదు, దానికి దక్షిణాన ఒకప్పుడు ర్యూక్యూ రాజ్యంగా ఉండి 1879లో జపానులో విలీనమైన ఒకినావా దీవి. అక్కడి పాతతరం గురువులకు ఈ విద్య జీవనాధారం కాదు. రాజోద్యోగమో, కుటుంబ ఆస్తియో ఉన్నవారు రాత్రివేళ తమ పెరటిలో ఒకరిద్దరు శిష్యులకు, ఎక్కువగా ఏ ప్రచారమూ లేకుండా నేర్పేవారు. కటా అంటే ఊహాత్మక ప్రత్యర్థితో తలపడుతున్నట్టు నిర్ణీత క్రమంలో సాగే కదలికల మాల; ఒక్కొక్క కటాకు మూడేళ్లు అన్నది అక్కడి పాత లెక్క. ఆధునిక కరాటే పితామహుడిగా పేరొందిన ఫునకోషి గిచిన్ యువకుడిగా ఉన్నప్పుడు, తెక్కి అనే పేరుగల మూడు కటాలను నేర్చుకోవడానికే పదేళ్లు పట్టిందని తన ఆత్మకథలో రాసుకున్నారు. గురువు మెచ్చుకునేవరకు చేసిందే చేయడం, మెచ్చుకోలు నెలల తరబడి రాకపోవడం ఆ పద్ధతిలో సహజమైన విషయాలు. ఫీజు మీద ఆధారపడని గురువుకు శిష్యుణ్ని తొందరగా పై మెట్టు ఎక్కించవలసిన అవసరం లేకపోవడమే ఆ ఓపికకు మూలం.

ఈ విద్యను పెరటి నుంచి తరగతి గదికి తెచ్చిన ఘనత ఇటోసు అంకోది. ఆయన 1901లో ఒకినావా పాఠశాలలో కరాటేను ప్రవేశపెట్టి, బడి పిల్లలకు సరిపడేలా పినాన్ అనే ఐదు సరళమైన కటాలను కూర్చారు. ప్రమాదకరమైన భాగాలను తగ్గించి, దేహదారుఢ్యాన్ని, క్రమశిక్షణను ముందుకు తెచ్చారు. సామూహిక శిక్షణ అనేది డబ్బు ఆశతో మొదలైనదని అనుకునేవారు గమనించవలసిన విషయం ఇది: వందలమంది పిల్లలు వరుసల్లో నిలబడి ఒకేసారి పిడికిలి విసిరే దృశ్యానికి తొలి రూపం ప్రభుత్వ పాఠశాలలోనే ఏర్పడింది.

ఇటోసు శిష్యుడైన ఫునకోషి వృత్తిరీత్యా బడిపంతులు. 1922లో విద్యా మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలో జరిగిన వ్యాయామ ప్రదర్శనకు టోక్యో వచ్చినప్పుడు ఆయన వయసు యాభై దాటింది. నగరంలోనే ఉండి నేర్పమని కోరిన ప్రముఖుల మాట కాదనలేక ఆగిపోయిన ఆయనకు, ఒకినావా విద్యార్థుల వసతిగృహంలో చిన్న గది దొరికింది. దాని అద్దె చెల్లించుకోవడానికి పగలు ఆ ప్రాంగణం ఊడ్చి, గదులు శుభ్రం చేసి, కాపలా పని చేసి, సాయంత్రం అక్కడి ఉపన్యాస మందిరంలో కరాటే నేర్పేవారు. భోజనం ఖర్చు తగ్గించుకోవడానికి వసతిగృహం వంటవాడికి కూడా పాఠాలు చెప్పారు. అప్పటికీ చేతిలో డబ్బు ఆడక, పాత టోపీని, ఒకినావా నేత వస్త్రాన్ని తాకట్టు దుకాణానికి తీసుకువెళితే, అక్కడి గుమాస్తా వాటి విలువకు మించిన మొత్తం ఇచ్చాడు. ఆ గుమాస్తా తమ్ముడు తన శిష్యుల్లో ఒకడని ఫునకోషికి తరువాత తెలిసింది. ఈనాడు మన ఊళ్లలో కరాటే స్కూళ్ల బోర్డుల మీద కనిపించే పులి బొమ్మ, ఆ రోజుల్లో ఫునకోషిని టోక్యోలో ఆగిపొమ్మని ప్రోత్సహించిన చిత్రకారుడు కొసుగి హోవాన్ గీసి ఇచ్చినది. ఆ బొమ్మను వాడుకుంటున్న వారిలో ఎందరికి ఊడ్చిన ప్రాంగణం సంగతి తెలుసో చెప్పలేం.

నడుముకు రంగులు ఎలా వచ్చాయి

నల్ల బెల్టు కరాటే సృష్టి కాదు, జూడోది. పాఠశాల ఉపాధ్యాయుడూ విద్యావేత్తా అయిన కానో జిగోరో 1882లో టోక్యోలోని ఒక ఆలయంలో, పన్నెండు చాపలు పట్టేంత చోటులో, కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని ప్రారంభించి, మరుసటి ఏడాది ఇద్దరు శిష్యులకు ‘షోడాన్’ అనే తొలి మెట్టు స్థాయిని ఇచ్చారు. ‘డాన్’ అంటే మెట్టు. ఆ స్థాయి చేరినవారు నల్ల బెల్టు కట్టడం 1886 ప్రాంతంలో మొదలైంది. కానో దృష్టిలో తొలి డాన్ అంటే పాండిత్యానికి పట్టా కాదు. ప్రాథమిక విషయాలు పట్టుబడ్డాయి, అసలు చదువుకు సిద్ధమయ్యాడు అన్నంత వరకే దాని అర్థం. ఫునకోషి ఈ పద్ధతిని కానో నుంచి స్వీకరించి 1924 ఏప్రిల్‌లో ఏడుగురికి కరాటేలో మొట్టమొదటి డాన్‌లు ప్రదానం చేశారు.

మధ్యలోని రంగులు ఐరోపా నుంచి వచ్చాయి. 1930ల్లో పారిస్ చేరిన జపాను జూడో గురువు కవాయిషి మికినోసుకే, అక్కడి విద్యార్థులు తెలుపు నుంచి నలుపు దాకా ఏళ్ల తరబడి ఏ గుర్తింపూ లేకుండా ఓపిక పట్టలేరని గ్రహించి, మధ్యలో పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల వరుసను వ్యాప్తిలోకి తెచ్చారు. బోధనా దృష్టితో చూస్తే ఇది మంచి ఆలోచనే. చిన్న గమ్యాలు కనిపిస్తే పిల్లలు మధ్యలో మానేయరు. అయితే ప్రతి రంగు దగ్గరా ఒక పరీక్ష, ప్రతి పరీక్షకూ ఒక రుసుము చేరగానే, విద్యార్థి ప్రగతిని చూపడానికి పుట్టిన వరుస గురువు ఆదాయానికి క్యాలెండరుగా మారే వీలు ఏర్పడింది.

ఆ వీలును ముందే పసిగట్టారో లేదో గానీ, గోజూ ర్యూ అనే కరాటే శాఖను స్థాపించిన మియాగి చోజున్ (1888–1953) తన జీవితకాలంలో ఒక్కరికి కూడా డాన్ ఇవ్వలేదు. సంపన్న కుటుంబంలో పుట్టిన ఆయన తన దగ్గరకు వచ్చిన కొత్తవారి నడవడిని చాలాకాలం గమనించి గానీ పాఠం మొదలుపెట్టేవారు కారు. మొదలుపెట్టాక కూడా సాంచిన్ అనే, పైకి చాలా సాదాగా కనిపించే శ్వాసప్రధానమైన కటా దగ్గరే ఏళ్లు నిలిపేవారు. ఆయన మరణించాకే శిష్యులు బెల్టుల పద్ధతిలోకి వచ్చారు. ఈ ఉదాహరణ ఆదర్శంగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఆస్తి ఉన్నవారికి సాధ్యమైన నిష్ఠను అద్దె ఇంట్లో ఉండే మాస్టరు నుంచి కోరడం న్యాయం కాదన్న సంగతి కూడా దాని పక్కనే చెప్పాలి.

▣ బాక్స్: నల్ల బెల్టుకు వయసు

జూడోకు మూలస్థానమైన కొడోకాన్ నిబంధనల ప్రకారం తొలి డాన్ పొందడానికి కనీస వయసు 14 ఏళ్లు. తైక్వాండోకు కేంద్రమైన దక్షిణ కొరియాలోని కుక్కివాన్, 15 ఏళ్లు నిండని పిల్లలకు డాన్ బదులు ‘పూమ్’ అనే బాలల స్థాయిని ఇస్తుంది. వయసు వచ్చాక దాన్ని డాన్‌గా మార్చుకోవాలి. బ్రెజిలియన్ జియుజిత్సులో అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల మేరకు 19 ఏళ్లు నిండితే తప్ప నల్ల బెల్టు లేదు. సాధారణంగా దానికి పదేళ్ల సాధన పడుతుంది. మన దగ్గర మూడు నెలలకొక పరీక్ష చొప్పున పది మెట్లు ఎక్కిస్తే, ఆరో ఏట చేరిన పిల్లవాడు ఎనిమిదిన్నర ఏళ్లకే బ్లాక్ బెల్ట్ అవుతాడు.

ఫీజు తీసుకోవడం పాపం కాదు

గురువంటే ఉచితంగానే నేర్పాలన్న భావన మనలో బలంగా ఉంది. గురుదక్షిణ సంప్రదాయం దానికి ఒక కారణం. కేరళలోని వడకరలో దశాబ్దాలుగా కళరిపయట్టు నేర్పుతూ 2017లో పద్మశ్రీ అందుకున్న మీనాక్షి అమ్మ కళరి (శిక్షణశాల)లో నిర్ణీత ఫీజు అంటూ లేదు. విద్యార్థి తనకు తోచింది దక్షిణగా సమర్పించుకుంటాడు. అయితే ఆ సంప్రదాయం నిలవడం వెనుక ఒక ఆర్థిక ఏర్పాటు ఉంది. కళరి గురుక్కళ్ కేవలం యుద్ధవిద్య నేర్పేవాడు కాదు. ఎముకలు సరిచేయడం, నూనెతో ఒళ్లు మర్దించడం, దెబ్బలకు మందు వేయడం తెలిసిన వైద్యుడు కూడా. చికిత్స వల్ల వచ్చే రాబడి శిక్షణను పోషించేది. మర్మస్థానాల విద్య, అంటే శరీరంలో ఎక్కడ తాకితే ప్రాణాపాయమో తెలిపే భాగం, అన్ని దశలూ దాటి గుణం రుజువైన శిష్యుడికే చివరిలో దక్కుతుంది. ఎంత డబ్బిచ్చినా ముందుగా చెప్పరు. అదే కేరళలో, పర్యాటక కేంద్రాల్లో టికెట్టు పెట్టి రోజూ సాయంత్రం కళరి విన్యాసాలు చూపే శాలలు కూడా ఉన్నాయి. అవి మర్మవిద్యను అమ్మడం లేదు కాబట్టి వాటిని తప్పుపట్టనవసరం లేదు.

తెలుగు నేల మీద కూడా ఈ ఏర్పాటుకు తనదైన రూపం ఉండేది. కర్రసాము, కత్తిసాము నేర్పే తాలింఖానాల్లో వస్తాదును ఊరు పోషించేది. యువకులు తెల్లవారుజామున గోదాలో మట్టి తవ్వి, దండీలు, బస్కీలు తీసి, పండగల నాడు వీధుల్లో విద్య చూపేవారు. అమలాపురంలో దసరా ఊరేగింపుల్లో కత్తులతో, కర్రలతో సాగే చెడీ తాలింఖానా ఆ పరంపరకు ఇప్పటికీ సజీవంగా ఉన్న ఆనవాలు. హైదరాబాదు పాతబస్తీ తాలీముల్లోని కుస్తీ వస్తాదుల సంగతి కూడా అలాంటిదే. ఊరి పోషణ తగ్గిన చోట వస్తాదులు తగ్గారు. ఆ ఖాళీలోకి కరాటే మాస్టరు వచ్చాడు. అతణ్ని పోషించే ఊరు లేదు, జమీందారు లేడు, అతనికి ఉన్నదల్లా నెలనెలా వచ్చే ఫీజు మాత్రమే.

డబ్బుకు నేర్పినంత మాత్రాన విద్య చెడదనడానికి వింగ్ చున్ అనే చైనా యుద్ధకళ గురువు ఇప్ మాన్ జీవితమే సాక్ష్యం. చైనాలోని ఫోషాన్‌లో కలిగిన కుటుంబంలో పుట్టి, జీవనం కోసం నేర్పవలసిన అవసరం లేకుండా గడిపిన ఆయన, రాజకీయ పరిణామాల్లో సర్వం పోగొట్టుకుని హాంకాంగ్ చేరాక, 1950లో హోటలు కార్మికుల సంఘం కార్యాలయంలో పాఠాలు మొదలుపెట్టారు. పేదరికమే ఆయన్ను బోధకుణ్ని చేసింది. ఆ పేదరికం లేకపోతే బ్రూస్ లీ అనే శిష్యుడు ఆయనకు దక్కేవాడు కాదు. ఆ బ్రూస్ లీ కూడా హాలీవుడ్ ప్రముఖుల దగ్గర గంటకు భారీ రుసుము తీసుకుని నేర్పినవాడే. కానీ ‘గ్రీన్ హార్నెట్’ టీవీ ధారావాహికలో ఆయన వేసిన కేటో పాత్ర పేరిట అమెరికా అంతటా శిక్షణశాలల గొలుసు తెరుద్దామని వ్యాపారులు ముందుకు వచ్చినప్పుడు, తాను స్వయంగా చూసుకోలేని చోట తన పేరు పెట్టడం ఇష్టం లేక నిరాకరించారు. 1970 నాటికి ఉన్న మూడు శిక్షణాలయాలను కూడా మూసివేయించారు. తన శ్రమకు ఎక్కువ ధర కట్టడంలో మొహమాటపడని మనిషి, తన శ్రమ లేని చోట పేరును అమ్మడానికి ఒప్పుకోలేదు.

శ్రీకాకుళం ప్రాంతపు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన, తరువాత సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. టికెట్టు కొన్నవాడికి ఆయన చూపించింది తన బలం. బలం వచ్చిందని ఎవరికీ ఆయన సర్టిఫికెట్ అమ్మలేదు. ప్రదర్శనను అమ్మడానికీ, అర్హతను అమ్మడానికీ మధ్య ఉన్న ఈ గీతే మొత్తం చర్చకు ఆధారం.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఒక చిన్న పట్టణంలో నలభై మంది పిల్లలకు నెలకు ఎనిమిది వందల రూపాయల చొప్పున నేర్పే మాస్టరును ఊహించుకుంటే, అతని చేతికి వచ్చే మొత్తం ముప్పై రెండు వేలు. అందులో స్థలం అద్దె, సహాయకుడి జీతం, సంఘానికి కట్టే వార్షిక రుసుము పోతాయి. బడి పరీక్షల కాలంలో సగంమంది మాయమవుతారు. దసరా, సంక్రాంతి సెలవుల్లో ఫీజు అడిగితే మొహం చాటేసేవారు ఎక్కువ. ఈ పరిస్థితిలో మూడు నెలలకొకసారి నలభై మందితో పరీక్ష పెట్టి, ఒక్కొక్కరి దగ్గర వెయ్యి రూపాయలు వసూలు చేయగలిగితే వచ్చే నలభై వేలు ఒక నెల ఫీజుల మొత్తం కంటే ఎక్కువ. పరీక్షలో పదిమందిని ఆపితే ఆ పదిమందిలో కొందరు అలిగి పక్క వీధిలోని మాస్టరు దగ్గరకు పోతారు, ఆ మాస్టరు వాళ్లకు అడిగిన రంగు ఇచ్చి చేర్చుకుంటాడు. అంటే నిజం చెప్పినందుకు నిజాయితీపరుడు జరిమానా కడతాడు. వ్యక్తుల స్వభావం కంటే ఈ అమరికే ఎక్కువ నష్టం చేస్తోంది.

తల్లిదండ్రుల పాత్రను కూడా దాచిపెట్టనవసరం లేదు. స్నేహితురాలి కొడుకు నీలం బెల్టుకు వెళ్లాడని, తమవాడు ఇంకా ఆకుపచ్చలోనే ఉన్నాడని మాస్టరు మీద ఒత్తిడి తెచ్చేవారు, ర్యాంకుల చదువులో అలవాటైన ధోరణినే కరాటే తరగతికి మోసుకొస్తున్నారు. పదో తరగతి జవాబు పత్రాలను విద్యార్థి చదివిన బడిలోనే దిద్దకుండా స్పాట్ వాల్యుయేషన్ కేంద్రానికి పంపే రాష్ట్రాల్లో, బోధించినవాడే పరీక్షించి, అతనే ఫీజు తీసుకుని, అతనే సర్టిఫికెట్ మీద సంతకం చేసే పద్ధతిని ఎవరూ ప్రశ్నించకపోవడం ఆశ్చర్యమే.

నిజానికి ఈ చిక్కును వృత్తి ప్రమాణాలతో విప్పే ప్రయత్నం జపానులో చాలా ముందే జరిగింది. 1949లో ఏర్పడిన జపాన్ కరాటే అసోసియేషన్, నకయామ మసతోషి నాయకత్వంలో 1950ల మధ్యనాటికి ప్రత్యేకంగా బోధకుల శిక్షణ కోర్సును నెలకొల్పింది. సాధనతో పాటు శరీరశాస్త్రం, బోధనా పద్ధతి కూడా అందులో పాఠ్యాంశాలు. అలా తయారైనవారినే జీతానికి అమెరికాకు, ఐరోపాకు పంపారు. అయితే ఆ సంస్థ కూడా డబ్బు, అధికారాల తగాదాకు అతీతం కాలేకపోయింది. 1987లో నకయామ మరణించాక రెండు వర్గాలుగా చీలి, అసలు పేరు ఎవరిదన్న వ్యాజ్యాన్ని 1999 దాకా న్యాయస్థానాల్లో నడిపారు.

▣ బాక్స్: ఏ సంతకం చెల్లుతుంది?

డాన్ సర్టిఫికెట్‌కు మన దేశంలో విశ్వవిద్యాలయ డిగ్రీకి ఉన్నట్టు చట్టబద్ధమైన ఏకైక నియంత్రణ సంస్థ లేదు. శాఖకొక సంఘం, సంఘానికొక చీలిక, చీలికకొక ‘అంతర్జాతీయ’ అధ్యక్షుడు ఉన్న రంగం ఇది. 2020లో భారత ఒలింపిక్ సంఘం, ప్రపంచ కరాటే సమాఖ్య అప్పటి జాతీయ కరాటే సంఘానికి గుర్తింపు ఉపసంహరించుకోవడంతో, దాని కింద ఉన్న రాష్ట్ర, జిల్లా శాఖల్లో కొంతకాలం గందరగోళం నెలకొంది. టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి చేరిన కరాటే పారిస్ 2024లో లేదు. లాస్ ఏంజెలిస్ 2028 క్రీడల జాబితాలో కూడా లేదు. ‘ఒలింపిక్స్‌కు తయారుచేస్తాం’ అనే కరాటే ప్రకటనలను ఈ వెలుగులో చదవాలి.

పెంకులు, మంచు దిమ్మెలు, మోటారు సైకిళ్లు

బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ చిత్రం 1973లో విడుదలై ప్రపంచమంతటా రేపిన మోజు కొద్దికాలానికి మన ఊళ్లకూ చేరింది. 1980ల్లో కరాటే తెలిసిన కథానాయకులుగా సుమన్, భానుచందర్ తెర మీద కాలు విసిరారు. తరువాతి తరానికి ‘తమ్ముడు’ (1999), ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ (2003) కిక్ బాక్సింగ్‌ను, ‘భద్రాచలం’ (2001) తైక్వాండోను పరిచయం చేశాయి. సినిమా చూసి వచ్చి చేరిన కుర్రవాడు మొదటి నెల అడుగులు వేయడంతోనే గడిపితే నిరుత్సాహపడతాడు. అతణ్ని నిలబెట్టడానికి ప్రదర్శన కావాలి. అలా బంగళా పెంకుల దొంతరలు, మంచు దిమ్మెలు, చేతుల మీదుగా పోయే మోటారు సైకిళ్లు కరాటే వార్షికోత్సవాల్లో తప్పనిసరి అంశాలయ్యాయి.

ఈ విన్యాసాల వెనుక ఉన్న కిటుకు తెలిస్తే అబ్బురం కొంత తగ్గుతుంది. పెంకుకూ పెంకుకూ మధ్య చిన్న చెక్కముక్క పెట్టి ఖాళీ ఉంచితే, పైన పగిలిన పెంకు పడి కిందిది కూడా పగులుతుంది కాబట్టి పది పెంకులకు పది రెట్లు బలం అవసరం కాదు. బాగా ఎండిన మట్టి పెంకు వంగకుండా విరిగే గుణం కలది. మంచు దిమ్మెకు ముందే గీటు పెట్టి ఉంచితే ఆ గీటు వెంటే చీలుతుంది. వయసు వచ్చినవారు సాధనకు కొలతగా ఒక పలక పగలగొట్టడంలో తప్పేమీ లేదు. పదేళ్ల పిల్లల చేత చేయించడమే తప్పు. ఎదిగే వయసులో ఎముకల కొనల దగ్గర మృదులాస్థి పొర ఉంటుంది; ఎముక పొడవు పెరిగేది అక్కడే. వేళ్ల కణుపుల దగ్గర ఆ పొర నలిగితే వేలు వంకరగా పెరగవచ్చు. ఆ సంగతి తెలిసి ఫొటో కోసం పిల్లవాడి చేత పెంకు కొట్టించే మాస్టరుకు ఏ రంగు బెల్టూ తగదు.

ఆత్మరక్షణ పేరిట

2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తరువాత బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ అనేది ప్రభుత్వ విధానంలో భాగమైంది. సమగ్ర శిక్షా కింద ‘రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్’ పేరుతో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు బాలికలకు మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో కస్తూర్బా విద్యాలయాలు, జిల్లా పరిషత్ పాఠశాలల్లో కరాటే మాస్టర్లకు పని దొరికే ముఖ్యమైన దారుల్లో ఇది ఒకటి. దీనికి ఒక్కో పాఠశాలకు కేటాయించిన మొత్తం మొదట్లో నెలకు మూడు వేలు, తరువాత ఐదు వేలు. ఇంత తక్కువకు, అది కూడా ఆలస్యంగా చేతికి అందితే, బస్సు ఖర్చులు పోను మిగిలేది ఎంతో తేలికగానే ఊహించవచ్చు. అయినా మండల కేంద్రం నుంచి పల్లె బడికి క్రమం తప్పకుండా వెళ్లి నేర్పే మాస్టర్లు, మాస్టరమ్మలు ఉన్నారు. అంకితభావం గురించి మాట్లాడేటప్పుడు ఫ్లెక్సీల మీద ఎన్నడూ కనిపించని వీరిని ముందు గుర్తుచేసుకోవడం ధర్మం.

మూడు నెలల్లో ఏం వస్తుందన్న అనుమానం సబబే గానీ, చిన్న శిక్షణ పూర్తిగా పనికిరాదనడం కూడా పొరపాటే. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల విద్యార్థినుల మీద షార్లీన్ సెన్ బృందం జరిపి 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనంలో, మొత్తం పన్నెండు గంటల శిక్షణ పొందినవారిలో ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం కాగా, శిక్షణ లేనివారిలో అది 9.8 శాతం. ఆ పన్నెండు గంటల్లో దెబ్బలు కొట్టడం ఒక చిన్న భాగం. పరిచయస్తుల నుంచి వచ్చే ముప్పును ముందుగా గుర్తించడం, మొహమాటం వదిలి గట్టిగా కాదనడం, తన ఇష్టాయిష్టాల మీద తనకు స్పష్టత ఉండటం అందులో ప్రధాన పాఠాలు. కటాలు, బెల్టులు లేని ఈ పాఠం చెప్పడానికి పెద్ద మైదానం కూడా అక్కర్లేదు. దీనికి బదులు ‘పది రోజుల్లో మీ అమ్మాయి దుండగుల్ని మట్టికరిపిస్తుంది’ అని నమ్మబలికేవారు అమ్మేది ధైర్యం కాదు, ప్రమాదకరమైన భ్రమ. కత్తి పట్టుకున్నవాడి ముందు నిలబడాలో, పరుగెత్తాలో తేల్చుకోవలసిన క్షణంలో ఆ భ్రమ ప్రాణం మీదికి తెస్తుంది. పరుగెత్తమని చెప్పగల మాస్టరే అసలు మాస్టరు.

నమ్మకంతో అప్పగించిన పిల్లలు

యుద్ధకళలో గురువు చేయి శిష్యుడి ఒంటి మీద పడక తప్పదు. నడుము వంపు సరిచేయాలి, మోచేయి ఎత్తు చూపాలి, కింద పడటం నేర్పాలి. అంతేగాక ఎదురు చెప్పకపోవడం, తలవంచి నమస్కరించడం ఇక్కడి క్రమశిక్షణలో భాగం. ఈ రెండూ కలిసిన చోట నిజాయితీ లేని వ్యక్తి చేతిలో పిల్లలు ఎంత నిస్సహాయులో చెప్పనవసరం లేదు. అందుకే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాలు, పిల్లలతో క్రమం తప్పకుండా సంబంధం ఉండే బడులు, క్రీడా అకాడమీల వంటి సంస్థలన్నీ సిబ్బంది విషయంలో పోలీసు ధ్రువీకరణ, పూర్వాపరాల పరిశీలన నిర్ణీత కాలానికొకసారి చేయించాలని నిర్దేశించాయి. అపార్ట్‌మెంటు సెల్లారులోనో, ఫంక్షన్ హాలు డాబా మీదనో నడిచే కరాటే తరగతి తాను క్రీడా అకాడమీ కిందకు వస్తానని అనుకోకపోవడం వల్ల ఈ నియమం చాలాచోట్ల అమలుకు నోచుకోవడం లేదు. అపార్ట్‌మెంటు సంఘాలు వాచ్‌మన్‌కు గుర్తింపు కార్డు అడిగి, పిల్లల్ని అప్పగించే మాస్టరును ఏమీ అడగకపోవడం విచిత్రం.

క్రీడాశాఖలు, జిల్లా క్రీడాప్రాధికార సంస్థలు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. శిక్షణశాలలను నమోదు చేసుకోవడం, ప్రథమ చికిత్స తెలిసినవారు ఉండాలన్న షరతు పెట్టడం, గోధుమ రంగు దాటిన తరువాతి పరీక్షలకైనా వేరే శిక్షణశాల నుంచి, వేరే జిల్లా నుంచి పరీక్షకుల్ని పిలవాలన్న నియమం తేవడం వాటిలో ముఖ్యమైనవి. పరీక్ష రుసుము ఉత్తీర్ణతతో ముడిపడకుండా, తప్పినవారికి రెండో అవకాశం ఉచితంగా ఇచ్చే పద్ధతి పెడితే, విద్యార్థిని ఆపినందుకు మాస్టరు నష్టపోవలసిన పని ఉండదు. పాఠశాలల్లో నేర్పేవారికి గౌరవప్రదమైన వేతనం సకాలంలో అందితే, బెల్టులు అమ్ముకోవలసిన అగత్యం కూడా కొంత తగ్గుతుంది.

ఈ ఏడాది పిల్లల్ని చేర్చబోయే తల్లిదండ్రులు ఫీజు బేరమాడే ముందు ఒక పూట తరగతి బయట నిలబడి చూడాలి. తలుపులు మూసి నేర్పే చోట చేర్చకూడదు. మాస్టరు గారి గురువు ఎవరో, మాస్టరు స్వయంగా ఇంకా సాధన చేస్తున్నారో లేదో, పోలీసు ధ్రువీకరణ ఉందో లేదో అడగాలి. ఆ తరువాత, గత పరీక్షలో ఎంతమందిని ఆపారో తప్పకుండా అడగాలి. ‘అందరూ పాసయ్యారండీ’ అన్న జవాబు వస్తే, మరో మాస్టరును వెతుక్కోవడం మేలు.